రెండు వేళ్ళ తేడా

వంతెనకు యాభై ఏళ్ళు నిండాయని రోడ్ల ఆఫీసువాళ్ళు ఈమధ్య దాని మొదట్లో ఒక నీలం బోర్డు పాతారు. మనవరాలు స్కూటర్ మీద తీసుకెళ్ళి నన్ను అక్కడ దింపింది. నా చదువు బడిలో వచ్చింది కాదు, సిమెంటు బస్తాల మీద అచ్చు చూసి వచ్చింది. అందుకని పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదివేస్తాను. పొడవు ఇంత, ఎత్తు ఇంత, పట్టిన ఇనుము ఇంత, కట్టిన కాలం నాలుగేళ్ళ రెండు నెలలు. అన్నీ నిజమే. ఆఖరి వరుసలో మాత్రం, ఈ వంతెన మీద తొలిసారి నది దాటినవారు అని ఒక పెద్దాయన హోదా రాసి, తేదీ వేశారు.

"ఆ వరుస తప్పే," అన్నాను.

"ఏం తప్పు అమ్మమ్మా? తేదీయా?"

"మనిషి. అంతకు రెండు నెలల ముందే నేను దాటాను. నెత్తిన తడి గోతాల మూట పెట్టుకుని."

మనవరాలు నవ్వాపుకుంటూ, "ఎండలో నిలబెట్టి చెప్పకు, పద, ఇంటికెళ్ళాక విందాం," అంది. ఇంటికెళ్ళాక సగం విన్నది, ఇంతలో దానికి ఫోన్ వచ్చింది. మిగతా సగం నా కడుపులో ఉండిపోయింది. అది అక్కడ ఉండే రకం కాదు.

మా ఆయన సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో, రేకులతో అచ్చు కట్టే పని అది. అచ్చు ఎలా ఉంటే కాంక్రీటు అలా గడ్డకడుతుంది. తర్వాత దేవుడు దిగొచ్చినా సర్దలేడు, పగలగొట్టాల్సిందే. అందుకని మా ఆయన ప్రతి అచ్చునూ నాలుగుసార్లు కొలిచేవాడు. "వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట అని అని చివరికి పనివాళ్ళంతా ఆయనకు వెంట్రుక మేస్త్రి అని పేరు పెట్టేశారు. ముఖం మీదే పిలిచేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు, లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా. ఇంట్లో గోడకు అద్దం తగిలించినా, బుడగను చూసి మట్టం చెప్పే రసమట్టం పెట్టి చూసుకునే మనిషికి అంతకన్నా బిరుదు ఏం కావాలి?

నాది నీళ్ళు పట్టే పని. కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు తడి ఆరనివ్వకూడదు. ఆరితే నెర్రెలిస్తుంది. పైన గోతాలు పరిచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడుపుతూనే ఉండాలి. చంటిపిల్ల పక్కబట్టలు తడవకుండా చూస్తాం కదా, ఇది అచ్చంగా దానికి తలకిందులు. పదకొండు మంది ఆడవాళ్ళం ఉండేవాళ్ళం, వాళ్ళందరి మీదా పెత్తనం నాది.

ఇక వంతెన సంగతి. ఆ రోజుల్లో ఆ ఒడ్డుకు పోవాలంటే పడవ, నీళ్ళు ఉరకలేస్తుంటే అదీ లేదు. బస్సు కొండల చుట్టూ తిరిగి తొమ్మిది గంటలకు చేర్చేది. ఆసుపత్రి ఆ ఒడ్డున, బట్టల మిల్లు ఈ ఒడ్డున. నొప్పులు పడుతున్న మనిషికి పడవవాడి మూడ్ ఎలా ఉందో కనుక్కోవాల్సిన బతుకు. మామూలు వంతెన వేద్దామంటే నది లోయలో ఎక్కడో అడుగున ఉంది. అందుకని నదిలో రెండు స్తంభాలు లేపారు, ఒక్కోటి నలభై నిలువుల ఎత్తు. స్తంభం తల నుంచి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి చాపినట్టు ముక్క వెంట ముక్క పోసుకుంటూ పోవాలి. ఒకవైపు ముక్క పోస్తే రెండోవైపూ పోయాలి, లేకపోతే త్రాసులా ఒరుగుతుంది. ఒడ్డువైపు చెయ్యి ఒడ్డుకు తగిలేదాకా మాకు మెట్లే గతి. మూడు వందల నలభై రెండు మెట్లు. ఇప్పటికీ నిద్రలో ఎక్కుతుంటాను.

ఈ ఒడ్డు స్తంభం మాది, ఆ ఒడ్డు స్తంభం వేరే జట్టుది. మా చెయ్యీ వాళ్ళ చెయ్యీ నది నడుమ గాలిలో కలవాలి. వాళ్ళ మేస్త్రికీ మా ఆయనకీ పడదు. ముఖాలు కూడా సరిగా చూసుకోని వాళ్ళకు పగ ఎలా వచ్చిందంటారా, పందెం. ఎవరి చెయ్యి ముందు నడుమకు చేరుతుందా అని. ఎవరూ కట్టమనని పందెం, ఎవరికీ ఏమీ రాని పందెం. అలాంటివే కదా మనుషుల్ని నిద్రపోనివ్వనివి.

వాళ్ళ వైపు నీళ్ళు పట్టేవాళ్ళలో ఎర్ర తలగుడ్డ కట్టుకున్న మనిషి ఒకతె ఉండేది. రెండేళ్ళ పాటు ఆమె నాకు ఒక ఎర్ర చుక్క. పొద్దున పొగమంచు విడిపోగానే నేను తడి గోతం ఒకటి ఎత్తి ఊపేదాన్ని, ఆమే ఊపేది. రోజులు గడిచేకొద్దీ చుక్కకు చేతులొచ్చాయి, తర్వాత ముక్కూ ముఖమూ వచ్చాయి. చివరికి రెండు చేతుల మధ్య ఒక మనిషి పడుకునేంత సందు మిగిలింది. పనిముట్లు అందించుకోవడానికని ఆ సందు మీద ఒక పొడుగాటి చెక్క వేశారు. మనుషులు నడవకూడదని గట్టి ఆజ్ఞ.

ఒక పొద్దున ఇద్దరం ఆ చెక్కకు అటూ ఇటూ నిలబడ్డాం.

"ఏమ్మా, రెండేళ్ళుగా చేతులే ఊపుతున్నావు. నీకు నోరు లేదేమో అనుకున్నా," అంది. గొంతు బొంగురు. నేను మనసులో అనుకున్నది సన్నటి గొంతు.

"నోటికేం లోటు లేదు వదినా. నదే అడ్డం పడింది."

"అప్పుడే వరస కలిపేశావే! సరే వదినా, అలాగే కానీ. మా ఆయన ఈ వైపు మేస్త్రి."

"మా ఆయన ఆ వైపు."

ఒక్క క్షణం ఇద్దరం గుడ్లప్పగించి చూసుకున్నాం. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాం.

పందెంలో వాళ్ళే గెలిచారు. వాళ్ళ ఆఖరి ముక్క మా కన్నా పది రోజులు ముందు పడింది. పద్నాలుగు రోజులూ కాగానే గోతాలు ఎత్తేసి, లారీలో వేరే పనికి పంపేసి, పెళ్ళివారికి ఊడ్చినట్టు పైనంతా ఊడ్చి పెట్టుకున్నారు. మా ఆఖరి ముక్కకు ఇంకా ఎనిమిది రోజుల తడి బాకీ ఉంది.

ఒక సోమవారం రెండు కొసలూ ఒకే మట్టంలో ఉన్నాయా లేదా చూడటానికి కళ్ళద్దాల ఇంజనీరు దుర్భిణి పెట్టాడు. కుర్రవాడు, మంచివాడు, మెట్లెక్కితే ఆయాసపడేవాడు. ఆ కాలంలో పది, పదకొండు దాకా నది మీద పొగమంచు, ఆ తర్వాత మాడ్చేసే ఎండ. మంచులో దుర్భిణికి ఏమీ కనబడదు కాబట్టి మట్టం చూడటం ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాలయ్యాకే. నాలుగేళ్ళుగా అదే అలవాటు.

చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మా కొస వాళ్ళ కొస కన్నా రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది.

పెద్ద ఇంజనీరు షెడ్డులో నక్షా పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు బోల్టులు పెట్టి, మా ఆయన్ని పిలిపించాడు. నేను గుమ్మం దగ్గర నీళ్ళ కూజా నింపుతున్నట్టు నిలబడ్డాను. అది నిండిపోయి పది నిమిషాలైంది.

"అవతలివాళ్ళ ముక్క ముందు పడింది. దాన్నిబట్టి నువ్వు కట్టుకోవాలి. నీ అచ్చే తప్పు మేస్త్రీ," అన్నాడు పెద్ద ఇంజనీరు.

"నాలుగుసార్లు కొలిచానండీ."

"నాలుగుసార్లూ తప్పే కొలిచి ఉంటావు. శుక్రవారం పగలగొట్టేవాళ్ళు వస్తున్నారు. ఆ ముక్క తీసేసి మళ్ళీ పోయిద్దాం. అచ్చు వేరే మేస్త్రి కడతాడు. నువ్వు లెక్క చూసుకుని వెళ్ళొచ్చు."

ఆ సాయంత్రం మా ఆయనకు ముద్ద దిగలేదు. చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను కాపురానికి వచ్చాక ఆ పెన్సిలు నిద్రలో తప్ప ఆ చెవిని వదలడం చూడలేదు. "నా చెయ్యే తప్పిందేమోనే," అన్నాడు. పని పోతుందన్న మాట నన్ను భయపెట్టలేదు, ఈ మాట పెట్టింది. ఇంకో చోట పని దొరుకుతుంది. తన చెయ్యి మీద తనకు నమ్మకం పోయిన మేస్త్రికి ఎక్కడ దొరుకుతుంది?

మంగళవారం పొద్దున పొగమంచులోనే సందు దగ్గరికి వెళ్ళాను. వదిన అప్పటికే అక్కడ ఉంది.

"విన్నాను వదినా. పాపం," అంది.

ఆ పాపం నాకు కారం రాసినట్టయింది. "పాపం మా ఆయనకెందుకు? మీ ఆయనే కిందకి కట్టి ఉంటాడు, గెలవాలన్న కంగారులో."

"మా ఆయన కంగారుపడే మనిషా? ముఖం కడుక్కోవడానికే అరగంట పడుతుంది!"

"మా ఆయన అద్దానికి కూడా రసమట్టం పెడతాడు!"

"అద్దంలో చూసుకోవడానికి ఏముందని?"

అంతే, నా చేతిలో చెంబు చెక్క మీద ఠప్పున కొట్టాను. నీళ్ళు చెక్క మీద ఒలికాయి. ఇద్దరం ఇంకా ఏవో అనుకోబోతూ ఆ నీళ్ళ వైపు చూశాం. అవి ఎటూ పోలేదు. చెక్క నడుమ మడుగు కట్టి నిలబడ్డాయి.

"మీ వైపు రెండు వేళ్ళు ఎత్తు కదా," అంది వదిన మెల్లగా. "మరి నా వైపు పారాలి కదా?"

"పారాలి."

పారలేదు. ఇంకో చెంబు పోశాం. అదీ అంతే. మధ్యాహ్నం భోజనం మానేసి మళ్ళీ ఇద్దరం వచ్చాం. అదే చెక్క, అదే చెంబు. ఈసారి నీళ్ళు పిలిచినట్టు వదిన కాళ్ళ దగ్గరికి పరిగెత్తాయి.

సాయంత్రం మా ఆయనకు చెబితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నీళ్ళు పోసేదానివి నీళ్ళు పొయ్యి. మట్టాలు నాకు చెప్పకు," అన్నాడు. నేను ఊరుకోలేదు. రసమట్టం తీసి ఆయన చెప్పుల్లో పెట్టాను, పొద్దున కాలు పెట్టగానే తగలాలని. తగిలింది. తిట్టుకుంటూనే పట్టుకుని వచ్చాడు.

బుధవారం పొద్దున పొగమంచులో మోకాళ్ళ మీద కూర్చుని రసమట్టాన్ని చెక్క మీద పెట్టాడు. లోపలి బుడగ సరిగ్గా నడి గీతల మధ్యకు వచ్చి కూర్చుంది. తిప్పి పెట్టాడు. మళ్ళీ అక్కడే. పరుగున పోయి కళ్ళద్దాల ఇంజనీరును పిలిచాడు.

"మంచులో నాకేం కనబడుతుంది మేస్త్రీ? చెక్క వంగి ఉండొచ్చు. మధ్యాహ్నం దుర్భిణితోనే చూద్దాం," అన్నాడు అతను.

మా ఖర్మ కొద్దీ ఆ మధ్యాహ్నం ఆకాశం నిండా మబ్బు పట్టింది. దుర్భిణిలో చూసిన కళ్ళద్దాల ఇంజనీరు ముఖం పాలిపోయింది. తేడా లేదు. రెండు కొసలూ సమానం.

పెద్ద ఇంజనీరు స్వయంగా పైకి వచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాం. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"సోమవారం రెండు వేళ్ళు, ఇవాళ సున్నా. కింద ఏం జాకీలు పెట్టి లాగారు? తప్పు చేస్తే ఒప్పుకోవాలి గానీ, దొంగతనంగా సర్దితే రేపు బస్సులు నదిలో పడతాయి. తెలుసా?"

అప్పటిదాకా మా ఆయన చెయ్యి తప్పినవాడు, అంతే. ఇప్పుడు మోసగాడు. అవతల కొస మీద వదిన, ఆమె మొగుడు, వాళ్ళ జట్టు మొత్తం నిలబడి చూస్తున్నారు.

మబ్బు వైపు చూశాను. కింద నా గోతాల వైపు చూశాను. అప్పుడు వెలిగింది. వెలగడమేమిటి, గుండెలో రాయి పడింది.

ఆ పని మొదలైన దగ్గర్నుంచీ నేను చేస్తున్నది ఒకటుంది. పద్నాలుగు రోజులు దాటిన ముక్కల మీద కూడా గోతాలు తీయనిచ్చేదాన్ని కాదు. ఎండకు కాంక్రీటు పెనంలా కాలేది, మా పదకొండు మందిలో చెప్పులున్నది ముగ్గురికే. అందుకని నడిచే దారి అని మొదలుపెట్టి, చివరికి మా చెయ్యి మొత్తం ఆ కొస నుంచి ఈ కొస దాకా పాత గోతాలు పరిచి, నీళ్ళు చల్లుతూ వచ్చాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా చెయ్యి రోజంతా చల్లగా ఉంటుంది. వాళ్ళది ఊడ్చి పెట్టిన బోడి చెయ్యి.

ముందుకు వచ్చాను.

"బాబూ, మా ఆయన ఏమీ లాగలేదు. తప్పు నాది."

"నువ్వెవరమ్మా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"నీళ్ళు పట్టేదాన్ని. సోమవారం ఎండ. నిన్నా ఎండే. ఇవాళ మబ్బు. పొద్దున పూట మంచు. ఎండ ఉన్నప్పుడే తేడా వస్తోంది, లేనప్పుడు పోతోంది. మా వైపు మొత్తం తడి గోతాలు ఉన్నాయి, నేనే తీయనివ్వలేదు. వాళ్ళ వైపు ఏమీ లేవు. ఎండకు వాళ్ళ చెయ్యి ఏమవుతోందో నాకు తెలియదు. ఏదో అవుతోంది. నీళ్ళు మాత్రం ఎండలోనే అటు పారుతున్నాయి."

మా జట్టులో ఎవడో కిసుక్కున నవ్వాడు. "కాంక్రీటుకు వడదెబ్బ తగిలిందా అక్కా?"

కళ్ళద్దాల ఇంజనీరు నవ్వలేదు. వంగి మా గోతం ఒకటి ఎత్తి, కింద అరచెయ్యి ఆనించాడు. ఆపైన చెక్క మీద బోర్లా పడుకుని, ఇద్దరు కాళ్ళు పట్టుకోగా చెయ్యి చాచి అవతలి కాంక్రీటును తాకాడు. మబ్బు పట్టినా నిన్నటి ఎండ వేడి దాన్లో ఇంకా కాస్త ఉంది. లేచి బట్టలు దులుపుకోకుండానే పెద్ద ఇంజనీరుతో అన్నాడు.

"పైభాగం వేడెక్కి సాగుతోంది సార్. అడుగు నీడలో ఉంది, సాగదు. పైన పొడుగైతే కొస కిందకి వంగుతుంది. ఎత్తుగా ఉన్నది వీళ్ళ కొస కాదు. మధ్యాహ్నం పూట వాళ్ళది దిగుతోంది." గొంతు తగ్గించి, "నేను చదువుకున్నదే సార్ ఇది. తట్టలేదు," అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఆ కుర్రవాడి మీద నాకు గౌరవం కలిగింది. తట్టలేదని ఒప్పుకునే ఇంజనీర్లను నేను ఆ తర్వాత ఎక్కువమందిని చూడలేదు.

పెద్ద ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. "చెప్పడానికి బాగానే ఉంది. రుజువేది?"

"వాళ్ళ చేతికి కూడా గోతాలు కప్పుతాను," అన్నాను. "రేపు ఎండ కాస్తే మధ్యాహ్నం చూడండి. అప్పుడూ తేడా వస్తే నన్ను కూడా పంపేయండి."

"రేపు ఒక్కరోజే," అన్నాడు. "శుక్రవారం సుత్తులు వస్తాయి."

వాళ్ళ గోతాలు లారీలో ఎప్పుడో వెళ్ళిపోయాయి. మా దగ్గర పాతవీ కొత్తవీ కలిపి గుట్టలున్నాయి. పడవలో అటు చేర్చి, అవతలి మెట్లెక్కించేసరికి సాయంత్రమవుతుంది. ఉన్న దారి ఒక్కటే, ఆ సందు.

గురువారం తెల్లవారగానే ఒక చెక్క కాస్తా మూడు చెక్కలు చేసి తాళ్ళతో బిగించారు. నా నడుముకు తాడు కట్టారు. ఈ కొస పట్టుకున్నది మా ఆయన, ఆ కొస పట్టుకున్నది అవతలి మేస్త్రి. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవీ:

"గట్టిగా పట్టుకో."

"నువ్వు పట్టుకో ముందు. నా వైపు గట్టిగానే ఉంది."

"నా పెళ్ళాం ఉంది దాని మీద!"

"అందుకే చెబుతున్నా, కబుర్లాపి పట్టుకో!"

నెత్తిన తడి గోతాల మూట. మెడ మీదుగా నీళ్ళు కారుతున్నాయి. "కిందకి చూడకే. నా వైపూ చూడకు. వదిన వైపు చూడు," అన్నాడు మా ఆయన. చూశాను. పొగమంచులో ఎర్ర తలగుడ్డ తప్ప ఏమీ కనబడలేదు. కింద నలభై నిలువుల లోతున నది ఉందని చెవులకు తెలుస్తోంది. నాలుగు అడుగులు. అంతే. నాలుగో అడుగుకు వదిన నా మోచెయ్యి పట్టుకుని లాగేసింది. ఇద్దరి ఒళ్ళూ తడి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఒకరినొకరు తాకాం. ముచ్చట్లకు వ్యవధి ఎక్కడిది, నా వెనక పదిమంది మూటలతో నిలబడి ఉన్నారు.

ఎండ ఎక్కేలోపు వాళ్ళ చెయ్యి మొత్తం కప్పాలి. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళం, ఇద్దరు మేస్త్రీలు, వాళ్ళ జట్లు. సుత్తులవాళ్ళు ఒకరోజు ముందే వచ్చి ఊరికే కూర్చుని బీడీలు కాల్చుకుంటుంటే, వదిన వాళ్ళ చేతుల్లో కూడా బకెట్లు పెట్టింది. "పగలగొట్టడానికి వచ్చి నీళ్ళు మోస్తున్నామేంటి?" అని ఒకడు గొణిగాడు. "పుణ్యం బాబూ, మోయి," అంది. పదిన్నరకు ఆఖరి గోతం పడింది. పదకొండుకు మంచు విడిపోయి ఎండ వచ్చింది. ఏం ఎండ అది! మేకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఎండిన చోటల్లా నీళ్ళు, నీళ్ళు పోసిన చోటల్లా ఎండ. మూడు దాకా ఎవరూ కూర్చోలేదు.

మూడింటికి కళ్ళద్దాల ఇంజనీరు దుర్భిణికి కన్ను ఆనించాడు. చాలాసేపు తీయలేదు. మా ఆయన నా పక్కన నిలబడ్డాడు, నా తడి చెంగు చివర ఆయన గుప్పిట్లో ఉందని ఆయనకే తెలియదు. పెద్ద ఇంజనీరు అతన్ని పక్కకు జరిపి తానే చూశాడు. పెన్సిలు తీసి ఏదో రాసుకున్నాడు. మళ్ళీ చూశాడు.

"మేస్త్రీ," అన్నాడు. "నీ అచ్చు సరిగ్గానే ఉంది."

"వెంట్రుకవాసి?" అన్నాడు మా ఆయన.

"ఉందేమో. నాకు కనబడలేదు." తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు, అది అందరూ వినేలా అన్నాడు. "నిన్న నిన్ను అన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

అవతలి కొస నుంచి వాళ్ళ మేస్త్రి అరిచాడు. "నాదీ సరిగ్గానే ఉందని చెప్పండి సార్! నేనేం తక్కువ కట్టానా?" అందరూ గొల్లుమన్నారు. మా ఆయన వంగి, దొరికిన చెక్కపేడు మీద జేబులోని పెన్సిలుతో ఏదో గీత గీసి, పెన్సిలును చెవి వెనక పెట్టుకున్నాడు. ఆ గీతతో పనేమీ లేదు. పెన్సిలు చెవి మీదకు వెళ్ళడానికి ఒక వంక కావాలి, అంతే.

మా ముక్క తడి బాకీ తీరాక, ఒక తెల్లవారుజామున, రెండు చేతుల మీదా గోతాలు కప్పి ఉండగానే, పొగమంచులో ఆ సందు పూడ్చారు. అచ్చు ఇద్దరు మేస్త్రీలూ కలిసి కట్టారు, ఒక్కో మేకుకూ ఒక్కో వాదన. పద్నాలుగు రోజులు ఆ అతుకుకు నీళ్ళు పట్టింది నేనూ వదినా, ఒకే గోతం మీద అటొకరం ఇటొకరం కూర్చుని. పద్నాలుగు రోజులు ఇద్దరు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఏమవుతుంది, సంబంధం కుదురుతుంది. వాళ్ళ వాడికి అప్పుడు ఆరేళ్ళు, మా పిల్లకు నాలుగు. కాస్త ఆగాల్సి వచ్చింది గానీ, మా స్కూటరు మనవరాలు ఆ పద్నాలుగు రోజుల ఫలితమే.

బోర్డు చూసొచ్చిన రోజు వదినకు ఫోన్ చేశాను. అవతలి ఒడ్డునే ఉంటుంది ఇంకా. గొంతు ఇంకా బొంగురు పోయింది.

"బోర్డు మీద నా పేరు లేదు వదినా."

"నీ పేరెందుకుంటుంది? చెక్క మీద ముందు కాలు పెట్టింది నేను. నీ మూట అందుకోవడానికి ఒక అడుగు వేశాను, మర్చిపోయావా?"

"అడుగు వేస్తే దాటినట్టా? నాలుగు వేసింది నేను!"

"నేను లాగకపోతే మూడు దగ్గరే ఉండేదానివి. సరే గానీ, ఆ గోతాలు మీవి ఆరు వందలు, ఇంకా మా దగ్గరే ఉన్నాయి, కావాలంటే వచ్చి పట్టుకుపో."

మా ఆయన ఉన్నన్నాళ్ళూ బస్సు వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకునేవాడు. అతుకు ఎక్కడొస్తుందో ఒంటితో కనిపెట్టాలని. "ఇదిగో, ఇక్కడే," అనేవాడు. కళ్ళు తెరిస్తే ఎప్పుడూ ముందైనా ఉండేది, వెనకైనా ఉండేది. ఒక్కసారి కూడా కుదరలేదు. ఓడిపోయి అంత ఆనందపడే మనిషిని నేను వేరే చూడలేదు.

మొన్న ఆదివారం మనవరాలికి ఆ మాటే చెప్పాను. "ఏముంది, నేను పట్టేస్తాను చూడు," అని స్కూటర్ మీద మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. నేను బోర్డు పక్కన నీడలో నిలబడి చూస్తున్నాను. మూడోసారి హెల్మెట్ తీసి, "ఎక్కడ అమ్మమ్మా? ఏమీ తెలియడం లేదే!" అంది.

"తెలియదు," అన్నాను. "వెతుక్కో ఇంకా."